రెండో బ్రేకు

జూన్ 4

కొండకి చిల్లి పొడుస్తున్న మా పిడుగుకి,

నీ సొరంగం ఎంతవరకు వచ్చింది? అవతలి వైపు వెలుతురు కనపడితే ముందు నాకే చెప్పు. ఇక్కడ నా సవతి మళ్ళీ మంచాన పడింది. కంగారు పడకు, కారు సంగతే. నిన్న కూరగాయల బజారు మలుపులో ఆగిపోయి, నల్లటి పొగ వదిలి, కింద నూనె మడుగు చేసి కూర్చుంది. మెకానిక్ వచ్చి బానెట్ ఎత్తాడు. ఆపరేషన్ గదిలోంచి బయటికొచ్చే పెద్ద డాక్టర్లు పెడతారే, ఆ మొహం పెట్టాడు. ఇంజను బోరుకొచ్చిందట. క్లచ్ ప్లేట్లు అరిగిపోయాయట. రేడియేటరు కారుతోందట. హారన్ మాత్రం భేషుగ్గా ఉందట. నా పరిస్థితీ అంతే, నోరొక్కటే బాగుంది.

మీ తాతయ్య బాగుచేయిద్దామంటున్నాడు. తుక్కుకి వేసేద్దామని నేనంటున్నాను. అమ్మేసి మరొకటి కొనుక్కోవడమనే దారి కూడా ఒకటుంది గానీ, దీన్ని కొనేవాడు ఇంకా పుట్టలేదు. ఆయన డ్రైవింగ్ స్కూలు మూసేసి ఇన్నేళ్ళయినా, పక్క సీటు ముందు కాళ్ళ దగ్గర పంతులుగారి బ్రేకు అలాగే ఉంది చూశావూ! పాఠాలు చెప్పినన్నాళ్ళూ దానిమీద ఆయన కాలుండేది. ఇప్పుడా సీట్లో కూర్చునేది నేను. దాని అంచు నా చీలమండని కొరుక్కు తింటోంది. ఒక్కసారైనా హాయిగా కాళ్ళు చాపుకుని బజారుకి వెళ్ళే యోగం లేదు నాకు.

ఈ మధ్య నేను పక్కన లేనిదే ఆయన గేటు దాటడం లేదు. ముసలితనంలో ప్రేమ పొంగిందని ఎదురింటివాళ్ళు మురిసిపోతున్నారు. మురవనీ.

నీకు ఫోను అందిన రోజున ఆయనతో మాట్లాడు. దాన్ని వదిలేయమని చెప్పు. నేను చెబితే ఫ్యాను తిరిగినట్టే ఆయనకి. నువ్వు చెబితే వింటాడు.

నూనె మరకలు ఉతుక్కుంటూ,
మీ అమ్మమ్మ


జూన్ 13

అమ్మమ్మా,

నీ ఉత్తరం నిన్న సరుకుల లారీలో, ఉల్లిపాయల బస్తాల మధ్య నలిగి వచ్చింది. టీ తాగుతూ చదివి పొలమారి చచ్చాను. హారన్ దగ్గర.

కానీ ఒక మాట అడుగుతాను, కోపగించుకోకు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ నువ్వా కారుని చంపుతూనే ఉన్నావు. నా చిన్నప్పుడు ఒకసారి చెరుకు బండికి కట్టి పంపేస్తానన్నావు. ఇంకోసారి దాంట్లో కోళ్ళు పెంచుకుందామన్నావు. ఇప్పుడు పాపం నిజంగా జబ్బు పడితే, ఇదే అదనని పీక నొక్కుతున్నావు.

నేను స్టీరింగ్ పట్టింది దాంట్లోనే. మొదటి రోజు సరాసరి పోస్టాఫీసు గోడ మీదికి పోనిచ్చాను. తాతయ్య తన బ్రేకు తొక్కి కారు ఆపి, ఏమీ జరగనట్టు "ఇవాళ ఉక్కగా ఉంది కదూ" అన్నాడు. ఊళ్ళో సగం మందికి అలాగే నేర్పాడు. ఆ మనిషి చేతిలోంచి కారు లాగేస్తే ఏం చేస్తాడు? పొద్దస్తమానం వరండాలో కూర్చుని నీ మాటలు వింటాడా? ఏ కోర్టూ వేయని శిక్ష అది.

ఇంజనీరుగా చెబుతున్నాను, బాడీ గట్టిది, ఇంజను బోరు చేయిస్తే ఇంకో పదేళ్ళు నడుస్తుంది. కాదంటే కొత్తది కొందాం, ఖర్చు నాది. తుక్కుకే వేయాలంటే మాత్రం అసలు కారణం చెప్పు. చీలమండ కారణం కాదు.

ముద్దులతో,
పిడుగు


జూన్ 22

సొరంగాల ఇంజనీరుగారికి,

కారణం కావాలా? ఉంది. చెప్పనని మీ తాతయ్యకి మాటిచ్చాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన నన్ను మాట అడగడం ఇదే మొదలు. మామూలుగా మాట్లాడేది నేను, తలూపేది ఆయన. కాబట్టి కాదనలేకపోయాను.

బాగుచేయించొద్దు. కొత్తదీ వద్దు. కొత్త కార్లలో నాకు కావలసింది ఉండదు. ఏమిటది అని అడుగుతావు, నాకు తెలుసు. చిన్నప్పుడు చందమామ ఎందుకు మనతో వస్తోందని ఊపిరి తీసుకోనివ్వకుండా అడిగినదానివి నువ్వు. అప్పుడు ఏదో చెప్పి తప్పించుకున్నాను. ఇప్పుడు ఏమీ చెప్పకుండా తప్పించుకుంటున్నాను.

కారు కదలకపోయేసరికి ఇల్లు ప్రశాంతంగా ఉంది. పొద్దున్నే ఆయన గుడ్డ పట్టుకుని దాన్ని తుడవడానికి వెళతాడు. తుడిచిన చోటే తుడుస్తాడు. పక్కనే కాకి రెట్ట అలాగే ఉంటుంది. తర్వాత లోపల కూర్చుని గేర్లు మారుస్తాడు. నేను కిటికీలోంచి చూసి, చూడనట్టు పప్పు చెరుగుతాను. చెరగడానికి ఇంట్లో పప్పు కూడా అయిపోయింది.

ఒక్కసారికి కారణం అడక్కుండా నా మాట విను. నీకు పుణ్యముంటుంది.

నోరు కట్టేసుకున్న,
అమ్మమ్మ


జూలై 1

అమ్మమ్మా,

కోప్పడే ముందు కూర్చో. కూర్చున్నావా?

మొన్న ఆదివారం కొండ దిగి ఊళ్ళోకి వెళ్ళి ఇంటికి ఫోను చేశాను. తాతయ్య ఎత్తాడు. నువ్వు పక్కింటికి వెళ్ళావట. గొంతు ఎంత నీరసంగా ఉందో! కారు ఊసెత్తగానే మనిషి మారిపోయాడు. "మీ అమ్మమ్మ ఒప్పుకోదే" అన్నాడు. "ఒప్పుకోనక్కర్లేదు" అన్నాను. వెంటనే మెకానిక్‌కి చేశాను. ఇంజను, క్లచ్, రేడియేటరు, అన్నీ. "అమ్మగారు వద్దంటారేమో" అని భయపడ్డాడు పాపం. "అంటారు, మీరు నవ్వేసి పని కానివ్వండి" అని చెప్పాను.

నీకోసం కూడా ఒక ఏర్పాటు చేయించాను. ఏమిటో చెప్పను. ఎక్కి కూర్చున్నాక నీకే తెలుస్తుంది, నన్ను దీవిస్తావు.

నీ రహస్య కారణం ఏదో నాకు తెలిసిపోయింది. పోయిన ఏడాది పెట్రోలు బంకులో ఆవిడెవరో తాతయ్యతో నవ్వుతూ మాట్లాడిందని రాశావు కదా! ఒప్పేసుకో.

తన్నులు తినడానికి సిద్ధంగా,
పిడుగు


జూలై 2

పిడుగూ,

ఇవాళ మెకానిక్ వచ్చి తాడు కట్టి కారుని లాక్కుపోయాడు. ఆపమన్నాను. "మీరిలా అంటారని మనవరాలుగారు ముందే చెప్పారమ్మా" అని నవ్వాడు. అందుకని మాట తప్పుతున్నాను. మీ తాతయ్య వరండాలోనే ఉన్నాడు. నేను రాసేది చూసినా భయం లేదు. ఆయన చదవలేడు.

పోయిన చలికాలంలో కళ్ళ డాక్టరు చెప్పింది. చూపులో నడిమి భాగం పోయింది, తిరిగి రాదు. పక్కలు కనపడతాయి. దేనివైపు చూస్తే అదే మాయమైపోతుంది. నా మొహం చూడాలంటే నా చెవి వైపు చూస్తాడు. ఇన్నాళ్ళకి నా మొహం చూడకుండా బతికే వరం దొరికింది మీకు అన్నాను. ఆయన నవ్వలేదు.

కారు మానేయమంది డాక్టరు. బయటికొచ్చాక ఆ మెట్ల మీద కూర్చుని, ఎవరికీ చెప్పొద్దని నా చెయ్యి పట్టుకున్నాడు. అప్పటినుంచీ మేమిద్దరం కలిసి నడుపుతున్నాం. చేతులు ఆయనవి, కళ్ళు నావి, బ్రేకు నా కాలి కింద. ఎడమకండీ, సైకిలు, ఎర్ర లైటు, ఆగండి, ఎవరో దాటుతున్నారు, ఇప్పుడు పోనివ్వండి. రేడియోలో ఆట గురించి చెప్పేవాడు కూడా నా అంత మాట్లాడడు. ఎండాకాలం మొదట్లో, సెలవులివ్వక ముందు, బడి దగ్గర నేనొక్క క్షణం పరధ్యానంగా ఉన్నాను. ఆ రోజు నా కాలే ఆపింది, నోరు కాదు. ఇంటికొచ్చాక సాయంత్రందాకా ఆ కాలికి కాపడం పెట్టుకున్నాను.

అందుకే కొత్త కారు వద్దన్నాను, దాంట్లో రెండో బ్రేకుండదు. అందుకే బాగుచేయించొద్దన్నాను, నా కాలు కూడా ముసలిదే. కారు దానంతట అదే చచ్చింది గనక, ఆయన చేతిలోంచి తాళం లాక్కునే పని నాకు తప్పిందనుకున్నాను. నువ్వు బతికిస్తున్నావు.

మీ అమ్మకి రాయలేదు. రాస్తే మొదటి బస్సుకి వచ్చి ఆయన్ని పట్టుకుని ఏడుస్తుంది. నీకు రాస్తే పని జరుగుతుందని రాస్తున్నాను. ఇది హాస్యం కాదు. మెకానిక్‌కి ఫోను చేసి ఆపు.

అమ్మమ్మ


జూలై 12

మహానటీ అమ్మమ్మా,

చదివాను. ఒక్క నిమిషం నిజంగానే గుండె ఆగింది. తర్వాత గుర్తొచ్చింది. మొన్న దసరా సెలవులకి ముందు, అంటే నేను రానన్నప్పుడు, తాతయ్యకి చెవుడొచ్చిందని రాశావు. పరిగెత్తుకుని వస్తే, నువ్వు పిలిస్తే మాత్రమే వినపడని చెవుడది. అంతకు ముందేడు ఏకంగా పోయాడన్నావు. తీరా చూస్తే మధ్యాహ్నం నిద్ర.

అయినా ఊరుకోలేదు, పరీక్ష చేశాను. ఈ ఆదివారం మళ్ళీ దిగి ఫోను చేశాను. నువ్వు స్నానానికి వెళ్ళావట. "తాతయ్యా, కళ్ళెలా ఉన్నాయి?" అన్నాను. "పేపరు చదివి వినిపించనా?" అని మొదటి పేజీ వార్తలు గడగడా అప్పజెప్పాడు. అదే రోజు పేపరు! ఇక్కడ కొట్లో కొని సరిచూశాను. అన్నీ ఉన్నాయి.

చేతులు ఆయనవి, కళ్ళు నీవి అన్న ముక్క మా క్యాంపులో అందరికీ చదివి వినిపించాను. వంటాయన గరిటె కింద పెట్టి మరీ నవ్వాడు. ఇంత రాయగలిగినదానివి కథలు రాయకుండా మామీద ప్రయోగిస్తావేం?

ఆ బ్రేకు బెంగ ఇక నీకక్కర్లేదు. దాని సంగతి నేను చూసేశాన్లే. కాళ్ళు చాపుకుని బజారుకి వెళ్ళి రా.

నవ్వి నవ్వి అలసిపోయిన,
పిడుగు


జూలై 15

పిడుగూ,

నిన్న జరిగింది రాస్తున్నాను. వరసగా రాస్తాను. మధ్యలో ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేను.

పొద్దున భోజనాల ముందు మెకానిక్ కారు తెచ్చాడు. కడిగి, తుడిచి తెచ్చాడు. ఇంజను చప్పుడే లేదు. గేటు లోపల పెట్టి, "రండి గురువుగారూ, ఒక్క రౌండు వేసి చూడండి" అన్నాడు. అతనికి డ్రైవింగ్ నేర్పింది కూడా మీ తాతయ్యే. ఆయన బానెట్ పొడుగునా చెయ్యి రాసుకుంటూ వెళ్ళి కూర్చున్నాడు. ఆ మొహం చూసి ఆగమనలేకపోయాను. నా బ్రేకు నాకుంది కదా అనుకున్నాను.

రోడ్డు మీదికి వెనక్కి తీయాలి. మెకానిక్ వెనకాల, మన ఇరుకు వీధిలో నిలబడి చేతులూపుతూ, "రండి, రండి, ఇంకా ఉంది" అంటున్నాడు. తలుపు తీస్తూ అతనికి చెప్పాను: "వెనక నిలబడకయ్యా, ఈయనకి కళ్ళు కనపడవు."

"ముప్పై ఏళ్ళనుంచీ అదే మాట కదమ్మా!" అని నవ్వాడు.

నేనెక్కి తలుపు వేసేలోపలే కారు కదిలింది. మీ తాతయ్య అద్దంలోకి, సరిగ్గా అతనివైపే చూశాడు. కొత్త క్లచ్ పట్టు ఆయనకి తెలీదు. కారు ఒక్కసారి వెనక్కి దూకింది. "ఆగండి" అని అరిచి నా కాలితో గట్టిగా తొక్కాను. కాలి కింద కొత్త రబ్బరు చాప ఉంది. ఇంకేమీ లేదు. మళ్ళీ తొక్కాను.

ఎదురింటి ప్రహరీ గోడకీ బంపరుకీ మధ్య అతని రెండు కాళ్ళూ ఉన్నాయి.

మీ తాతయ్య ఇంజను ఆపి, "ఏమిటది? గోడా?" అని అడిగాడు. అతను అరిచాడు, అప్పుడు తెలిసింది ఆయనకి.

ఎదురింటివాళ్ళు పరిగెత్తుకొచ్చి కారుని ముందుకు తోశారు. ఆసుపత్రికి వాళ్ళే తీసుకెళ్ళారు. ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు. కుడి కాలు సంగతి వారం పోతేగానీ చెప్పలేమన్నారు. మనిషికి స్పృహ వచ్చింది. పోలీసులు వచ్చి కారు తీసుకెళ్ళారు. మీ తాతయ్య అన్నం ముట్టలేదు. కుర్చీలో కూర్చుని చేతులు చూసుకుంటున్నాడు. అవి కూడా ఆయనకి కనపడవు.

నువ్వు చేయించిన ఏర్పాటు ఏమిటో తెలిసింది.

అమ్మమ్మ


జూలై 24

అమ్మమ్మా,

వానలకి కొండ విరిగిపడి దారి మూసుకుపోయింది. ఊళ్ళో ఫోన్లు కూడా పోయాయి. ఈ ఉత్తరం కాలినడకన దిగేవాళ్ళ చేత పంపుతున్నాను. దారి తెరవగానే వస్తాను.

ఆ బ్రేకు తీయమన్నది నేనే. "మా అమ్మమ్మ కాలికి తగులుతోంది, తీసేయండి" అన్నాను. "అమ్మగారికిక హాయి" అన్నాడు అతను. నీ జూన్ ఉత్తరం చదివి, నీకు మంచి చేద్దామనే చేశాను.

నీ జూలై రెండో తేదీ ఉత్తరం మళ్ళీ తీసి చదివాను. ఎక్కడెక్కడ నవ్వానో అక్కడ చదవలేకపోయాను. ఎందుకలా రాశావు? ఆ చెవి మాట ఎందుకు? రేడియోలో ఆట మాట ఎందుకు? మామూలు మనుషుల్లాగా ఒక్క కాగితం రాయడం నీకు చేతకాదా? అవి లేకపోతే నమ్మేదాన్ని. నమ్మేదాన్నేమో. డాక్టరు చెప్పిన రోజే తాళం బావిలో పారేయాల్సింది నువ్వు. చలికాలం నుంచీ ఆయన పక్కన కూర్చుని ఊరంతా తిరిగావు.

వద్దు, ఇది చింపేద్దామనుకున్నాను. కాగితం ఇంకోటి లేదు. క్షమించు.

ఆ కారుని తుక్కుకి వేసెయ్యి. ఇవాళే వేసెయ్యి. ఇంకో కారు, డ్రైవరుతో సహా ఏర్పాటు చేస్తాను. మీరు ఆసుపత్రికి వెళ్ళి రావాలి కదా. అతని ఖర్చులన్నీ నేను చూసుకుంటానని వాళ్ళింట్లో చెప్పు. పెడల్ తీయించింది నేనని కూడా చెప్పెయ్యి. తాతయ్య తప్పేం లేదని చెప్పు.

పిడుగు


ఆగస్టు 3

అమ్మాయీ,

నీ రెండు ఉత్తరాలూ ఒకే రోజు అందాయి, నవ్వుతూ రాసిందీ, నవ్వకుండా రాసిందీ. పేపరు సంగతి చెబుతాను. పొద్దున రేడియోలో వార్తలు విని నీకు అప్పజెప్పాడు. ఇది ఆయనే చెప్పాడు నాకు, నేను అడక్కుండానే.

తాళం పారేయాల్సింది. అది నిజం. క్షమాపణ అక్కర్లేదు.

పోలీసులకి మీ తాతయ్య అన్నీ తనే చెప్పాడు. చూపు లేదనీ, తెలిసే నడిపాననీ చెప్పి, లైసెన్సు కాగితం వాళ్ళ బల్ల మీద పెట్టాడు. బల్ల అంచు దొరక్క కొంచెం తడుముకున్నాడు. నేను సాయం చేయలేదు. చేస్తే బాగుండేది కాదు. కేసు నడుస్తుంది.

అతని కుడి కాలు నిలిచింది. కానీ మడవలేడట. ఇక కారు కింద పడుకుని పని చేయలేడు.

ఇన్నాళ్ళూ అతని భార్య మమ్మల్ని చూడలేదు. మేం వెళ్ళేసరికి ఆమె ఇంటికెళ్ళి ఉండేది. నిన్న ఉంది. మంచం పక్కన నిలబడి గిన్నెలో ఏదో కలుపుతోంది. నన్ను చూసి చేతిలో పని ఆపకుండానే అడిగింది: "ఆయనకి కళ్ళు కనపడవని మీకు తెలుసా?"

నేను నోరు తెరిచేలోపలే మీ తాతయ్య, "ఆమెకి తెలీదమ్మా, నేనే దాచాను" అన్నాడు. ఆమె నిలబడ్డ చోటికి కాక, పక్కన గోడవైపు తిరిగి అన్నాడు. నన్ను కాపాడుతున్నానని అనుకున్నాడు. ఆమె నావైపే చూస్తోంది.

"తెలుసు. చలికాలం నుంచీ తెలుసు" అన్నాను.

"మరి చెప్పొచ్చు కదండీ. ఒక్క మాట చెబితే మా ఆయన వెనకాల నిలబడేవాడా?"

చెప్పాను అనబోయాను. వెనక నిలబడకు, కళ్ళు కనపడవు అని స్పష్టంగానే చెప్పాను. అతను నవ్వాడు. అదంతా నిజమే. అతను మంచం మీద కళ్ళు తెరుచుకునే ఉన్నాడు, అతనికీ తెలుసు. కానీ అతను ఏమీ అనలేదు. నేనూ అనలేదు. ఒక్క కాలితో పడుకున్నవాడి మీదికి నేను ఆ మాట నెట్టలేకపోయాను.

ఆమె గిన్నె కింద పెట్టి, "బయట కూర్చోండి" అంది.

పెడల్ సంగతి నీ తరఫున చెప్పమన్నావు. చెప్పలేదు. అది నువ్వు వచ్చి, ఆమె ఎదుట నిలబడి చెప్పుకోవలసిన మాట. నా చేత పంపకు. ఖర్చులిస్తానన్న మాటా అంతే.

ఇక కారు సంగతి. పోలీసులు వదిలిన రోజునే అది తుక్కుకి పోతుంది. తుక్కు కొట్టువాడు స్టేషనుకి వెళ్ళి చూసి, ఇంజను కొత్తదిలా ఉంది, దాన్ని విడిగా అమ్ముకోండి, మంచి బేరం వస్తుందన్నాడు. వద్దన్నాను. అది ఇంకో బండిలో తిరుగుతూ ఈ వీధిలోకి రావడం నాకిష్టం లేదు. మీ తాతయ్యనీ అడిగాను. "నువ్వు చెప్పు" అన్నాడు. ఇంకో కారు వద్దు, డ్రైవరూ వద్దు. మాకు బస్సుంది. ఎక్కేటప్పుడు ఆయన నా భుజం పట్టుకుంటాడు.

ఇవాళ కూడా వెళ్ళాం. ఆమె లోపలికి రమ్మనలేదు, పొమ్మననూ లేదు. రేపూ వెళతాం. దారి తెరిచాక నువ్వొస్తే ఇంటికి పోకు, సరాసరి ఆసుపత్రికే రా. రెండో అంతస్తులో, ఎముకల వార్డు తలుపు బయట బల్ల ఉంది. మేమక్కడే ఉంటాం.

అమ్మమ్మ